కణవర్ధిత మాంసం: ప్రజల వైఖరి

జంతువును వధించకుండా, దాని శరీరం నుంచి సేకరించిన కొన్ని కణాలను పోషక ద్రావణంలో పెంచి తయారుచేసే మాంసాన్ని కణవర్ధిత మాంసం అంటారు. పత్రికలలో దీనికి ప్రయోగశాల మాంసం, ల్యాబ్ మాంసం, కల్చర్డ్ మీట్ అనే పేర్లు కూడా కనిపిస్తాయి. 2013లో లండన్‌లో తొలిసారి బహిరంగంగా వండి వడ్డించిన ఈ మాంసం 2020లో సింగపూర్‌లో అమ్మకానికి అనుమతి పొంది, ఆ తరువాత అమెరికా, ఇజ్రాయెల్, ఆస్ట్రేలియా వంటి కొద్ది దేశాలలో ఆమోదం సంపాదించుకున్నప్పటికీ, దాన్ని స్వయంగా రుచి చూసినవారు ప్రపంచ జనాభాలో అత్యల్పం. అందువల్ల దీనిపట్ల ప్రజల వైఖరిని గురించి ఇంతవరకు జరిగిన పరిశోధనలో అధిక భాగం, ఎన్నడూ తినని పదార్థాన్ని గురించి జనం చెప్పిన అభిప్రాయాలను నమోదు చేసినదే తప్ప, తిన్న తరువాత ఏర్పడిన అలవాటును కొలిచినది కాదు. ఈ రంగంలోని ఫలితాలు దేశాన్ని బట్టి, ప్రశ్న అడిగిన తీరును బట్టి ఎంతగానో మారిపోవడానికి ముఖ్య కారణం ఇదే.

తయారీ విధానం

బతికి ఉన్న జంతువు కండరం నుంచి చిన్న ముక్కను తీసి గాని, గుడ్డు లేదా పిండం నుంచి గాని, ముందే భద్రపరచిన కణ నిల్వల నుంచి గాని మొదటి కణాలను సేకరిస్తారు. అమైనో ఆమ్లాలు, గ్లూకోజు, విటమిన్లు, లవణాలు, కణ విభజనను ప్రేరేపించే వృద్ధి కారకాలు కలిసిన ద్రావణంలో ఆ కణాలను ఉంచి, ఉష్ణోగ్రతను, ఆక్సిజన్ పరిమాణాన్ని నియంత్రించగల బయోరియాక్టర్ అనే పెద్ద ఉక్కు పాత్రలో వాటిని పెంచుతారు. కణాలు తగినంతగా వృద్ధి చెందిన తరువాత ద్రావణంలో మార్పులు చేసి, అవి కండర కణాలుగా, కొవ్వు కణాలుగా రూపొందేటట్లు చేస్తారు. కైమా వంటి మెత్తని మాంసానికి ఇంతటితో సరిపోతుంది గాని, కండ పోగులు స్పష్టంగా ఉండే ముక్కను తయారుచేయాలంటే కణాలు అంటిపెట్టుకొని పెరగడానికి తినదగిన పదార్థంతో చేసిన ఆధార చట్రం కూడా కావాలి.

ప్రజాభిప్రాయంతో నేరుగా ముడిపడిన సాంకేతికాంశం పోషక ద్రావణంలో వాడే సీరం. కణాల పెంపకానికి పరిశోధకులు చాలాకాలం గర్భస్థ దూడ రక్తం నుంచి తీసే సీరం మీద ఆధారపడ్డారు. వధ అవసరం లేదని చెప్పుకొనే మాంసం, వధశాలలో లభించే పదార్థంతో పెరగడం నైతికంగా పరస్పర విరుద్ధమన్న విమర్శ రావడంతో, కంపెనీలు సీరం లేని ద్రావణాల వైపు మళ్లాయి. సింగపూర్ ప్రభుత్వం 2023 జనవరిలో ఒక కంపెనీకి అటువంటి ద్రావణాన్ని వాడుకోవడానికి అనుమతి ఇచ్చింది.

చారిత్రక క్రమం

కోడి రొమ్మునో రెక్కనో తినడానికి మొత్తం కోడిని పెంచనక్కర లేని కాలం 50 ఏళ్లలో వస్తుందని బ్రిటిష్ రాజనీతిజ్ఞుడు విన్‌స్టన్ చర్చిల్ 1931లో రాసిన ఒక వ్యాసంలో ఊహించాడు. ఆ ఊహను పరిశోధన స్థాయికి తెచ్చినవారిలో నెదర్లాండ్స్‌కు చెందిన విల్లెమ్ వాన్ ఎలెన్ ప్రముఖుడు. ఆయన 1990ల చివర ఈ విధానానికి పేటెంటు సంపాదించాడు. 2004లో జేసన్ మథేనీ అమెరికాలో స్థాపించిన న్యూ హార్వెస్ట్ సంస్థ ఈ రంగంలోని పరిశోధనకు నిధులు సమకూర్చసాగింది.

2013 ఆగస్టు 5న లండన్‌లో, మాస్ట్రిక్ట్ విశ్వవిద్యాలయ ఆచార్యుడు మార్క్ పోస్ట్ ఆవు కండర కణాల నుంచి పెంచిన మాంసంతో చేసిన బర్గర్‌ను విలేకరుల సమక్షంలో వండించాడు. సుమారు 2.5 లక్షల యూరోలు ఖర్చయిన ఆ ప్రయోగానికి గూగుల్ సహవ్యవస్థాపకుడు సెర్గీ బ్రిన్ ధనసహాయం చేశాడు. రుచి చూసినవారు అది మాంసానికి చాలా దగ్గరగా ఉందని, అయితే కొవ్వు లేకపోవడం వల్ల రసం తక్కువైందని అభిప్రాయపడ్డారు. 2015లో అమెరికాలో మెంఫిస్ మీట్స్ సంస్థ ఏర్పడింది. తరువాత అప్‌సైడ్ ఫుడ్స్‌గా పేరు మార్చుకున్న ఈ సంస్థ స్థాపకులలో ఒకరైన హృద్రోగ వైద్యుడు ఉమా వాలేటి విజయవాడలో పెరిగిన తెలుగువారు. బాల్యంలో ఒక పుట్టినరోజు వేడుకలో ముంగిట విందు జరుగుతుండగా పెరట్లో జంతువులను కోయడం చూసిన అనుభవం తన ఆలోచనను ప్రభావితం చేసిందని ఆయన పలు ఇంటర్వ్యూలలో చెప్పారు.

2020 డిసెంబరులో ఈట్ జస్ట్ సంస్థ తయారుచేసిన కణవర్ధిత కోడి మాంసానికి సింగపూర్ అనుమతి ఇవ్వడంతో ఇది తొలిసారి వాణిజ్య వస్తువైంది. అమెరికా వ్యవసాయ శాఖ 2023 జూన్‌లో అప్‌సైడ్ ఫుడ్స్‌కు, ఈట్ జస్ట్ అనుబంధ సంస్థ గుడ్ మీట్‌కు అమ్మకానికి వీలు కల్పించింది. ఇజ్రాయెల్ 2024 జనవరిలో కణవర్ధిత గొడ్డు మాంసాన్ని, ఆస్ట్రేలియా–న్యూజిలాండ్ ఆహార ప్రమాణాల సంస్థ 2025లో కణవర్ధిత కౌజుపిట్ట మాంసాన్ని ఆమోదించాయి. బ్రిటన్‌లో 2024లో అనుమతి పొందినది మనుషుల ఆహారంగా కాక పెంపుడు జంతువుల ఆహారంగా. సింగపూర్‌లో 2024లో చిల్లర దుకాణంలో అమ్మకానికి వచ్చిన ఒక రకంలో కణవర్ధిత కోడి మాంసం 3 శాతం మాత్రమే ఉండి, మిగిలిన భాగం మొక్కల నుంచి తీసిన ప్రోటీన్లతో నిండి ఉంది.

ప్రజాభిప్రాయ సేకరణలు

ఐరోపా సంఘం తరఫున 2005లో జరిగిన యూరోబారోమీటర్ సర్వేలో, జంతువధ అవసరం లేకుండా కణాల నుంచి మాంసాన్ని పెంచడాన్ని ఎట్టి పరిస్థితిలోనూ ఆమోదించబోమని సగానికి పైగా జనం చెప్పారు. అప్పటికి అటువంటి పదార్థం ఏదీ ప్రజల కంటపడలేదు. లండన్ ప్రదర్శన జరిగిన మరుసటి సంవత్సరం, 2014లో, ప్యూ పరిశోధన కేంద్రం అమెరికాలో జరిపిన సర్వేలో 20 శాతం మంది మాత్రమే ప్రయోగశాలలో పెరిగిన మాంసాన్ని తింటామన్నారు. అలా చెప్పిన పురుషులు 27 శాతం కాగా స్త్రీలు 14 శాతం.

మూడేళ్ల తరువాత మాటీ విల్క్స్, క్లైవ్ ఫిలిప్స్ ప్రచురించిన అధ్యయనంలో చిత్రం మరో విధంగా కనిపించింది. ఇంటర్నెట్ ద్వారా 673 మంది అమెరికన్లను ప్రశ్నించగా, దాదాపు మూడింట రెండు వంతుల మంది ఒకసారి రుచి చూడడానికి సిద్ధపడ్డారు. క్రమం తప్పకుండా తింటామన్నవారు మాత్రం మూడింట ఒక వంతే. ఒక్కసారి రుచి చూడడానికి ఉండే కుతూహలానికి, రోజువారీ భోజనంలో చోటిచ్చే అంగీకారానికి మధ్య ఉన్న ఈ దూరం తరువాతి పరిశోధనలలోనూ పదేపదే బయటపడింది. కెనడాలో పీటర్ స్లేడ్ 2018లో ప్రచురించిన ప్రయోగంలో ఆ దూరం మరింత స్పష్టమైంది. గొడ్డు మాంసం, మొక్కల ప్రోటీన్, కణవర్ధిత మాంసంతో చేసిన మూడు రకాల బర్గర్లు ఒకే ధరకు లభిస్తే దేన్ని కొంటారని అడిగినప్పుడు, 65 శాతం మంది గొడ్డు మాంసాన్ని, 21 శాతం మంది మొక్కల బర్గర్‌ను, 11 శాతం మంది మాత్రమే కణవర్ధిత మాంసాన్ని ఎంచుకుంటారని ఆ అధ్యయనం అంచనా వేసింది. తింటారా అని విడిగా అడిగితే వచ్చే జవాబుకు, ఇతర పదార్థాల పక్కన పెట్టి ఎంచుకోమంటే వచ్చే జవాబుకు పొంతన ఉండదని దీనివల్ల తెలుస్తుంది.

అమెరికాలో 2023లో, తొలి అమ్మకాలకు కొద్దికాలం ముందు, అసోసియేటెడ్ ప్రెస్, నార్క్ పరిశోధన కేంద్రం కలిసి జరిపిన సర్వేలో పెద్దలలో సగం మంది ఈ మాంసాన్ని రుచి చూసే అవకాశం లేదన్నారు. అలా చెప్పినవారిలో సగానికి పైగా తెలిపిన కారణం అది వింతగా అనిపించడమే. భద్రత మీద అనుమానం ఆ తరువాతి స్థానంలో నిలిచింది.

వైఖరిని నిర్ణయించే అంశాలు

సహజత్వం: వ్యతిరేకతకు పరిశోధకులు గుర్తించిన కారణాలలో ప్రధానమైనది, ఈ మాంసం సహజమైనది కాదన్న భావన. బెల్జియం, పోర్చుగల్, బ్రిటన్ వినియోగదారులతో విమ్ వెర్బెకె బృందం జరిపి 2015లో ప్రచురించిన పరిశీలనలో, ఈ పదార్థాన్ని గురించి తొలిసారి విన్నవారి మొదటి స్పందనలో ఏవగింపు, అసహజమన్న అభిప్రాయం ముందు నిలిచాయి. ఆలోచించే కొద్దీ వారు పర్యావరణానికి, సమాజానికి కలిగే మేలును ఒప్పుకున్నప్పటికీ, ఆ మేలు తమకు వ్యక్తిగతంగా దక్కుతుందని అంతగా భావించలేదు. స్విట్జర్లాండ్ పరిశోధకుడు మైఖేల్ సీగ్రిస్ట్, ఆయన సహచరులు తయారీ విధానాన్ని సాంకేతిక వివరాలతో చెప్పినప్పుడు అంగీకారం తగ్గుతుందని, పదార్థం చివరికి ఎలా ఉంటుందో చెప్పినప్పుడు కొంత పెరుగుతుందని చూపారు. పారిశ్రామిక పద్ధతిలో పెంచే నేటి కోళ్లు, పందులు కూడా ప్రకృతిలో పెరిగేవి కావన్న వాదం తర్కానికి నిలిచినా, సహజత్వాన్ని గురించిన భావన తర్కం కంటే పరిచయం మీద ఎక్కువగా ఆధారపడుతుంది.

ఏవగింపు, కొత్త తిండి భయం: ఏవగింపు అనేది చెడిన, కలుషితమైన పదార్థాలను నోట పెట్టనీయకుండా మనిషిని కాపాడే భావోద్వేగమని పాల్ రోజిన్ వంటి మనస్తత్వవేత్తలు వివరించారు. తెలియని ఆహారాన్ని ముట్టుకోవడానికి వెనుకాడే స్వభావాన్ని కొత్త ఆహార భీతి అంటారు. దాన్ని కొలవడానికి పాట్రీషియా ప్లైనర్, కారెన్ హాబ్డెన్ 1992లో రూపొందించిన ప్రశ్నావళి ఇప్పటికీ ఈ రంగంలో ప్రామాణికంగా వాడుకలో ఉంది. సీగ్రిస్ట్, క్రిస్టీనా హార్ట్‌మన్ 10 దేశాలలో జరిపి 2020లో ప్రచురించిన అధ్యయనంలో సహజత్వ భావన, ఏవగింపు, కొత్త ఆహార భీతి, ఆహార పరిశ్రమ మీద నమ్మకం అనే అంశాలు అంగీకారాన్ని ప్రభావితం చేస్తున్నట్లు తేలింది. ఆ దేశాలలో అంగీకారం ఫ్రాన్స్‌లో అత్యల్పంగా, మెక్సికోలో అత్యధికంగా కనిపించింది.

భద్రత, నమ్మకం: ఐక్యరాజ్య సమితి ఆహార వ్యవసాయ సంస్థ, ప్రపంచ ఆరోగ్య సంస్థ కలిసి 2023లో ప్రచురించిన నివేదిక, కణాధారిత ఆహార తయారీలో ఎదురుకాగల 53 రకాల ప్రమాదాలను గుర్తించి, వాటిలో అధిక భాగం సంప్రదాయ ఆహార తయారీలోనూ ఉన్నవేనని తెలిపింది. అయితే సామాన్య వినియోగదారుడు ఇటువంటి నివేదికలను చదివి నిర్ణయానికి రాడు. నియంత్రణ సంస్థలను, తయారీదారులను నమ్ముతున్నాడా లేదా అన్నదే అతని నిర్ణయానికి ఆధారం. జన్యుమార్పిడి పంటల విషయంలో నమ్మకం దెబ్బతిన్న ఐరోపా దేశాలలో ఈ మాంసం పట్ల కూడా సందేహం ఎక్కువగా ఉండడాన్ని పలువురు పరిశోధకులు ప్రస్తావించారు.

రుచి, ధర: రుచి, ధర సంప్రదాయ మాంసంతో సమానంగా ఉండాలన్నది అనేక దేశాలలో వినియోగదారులు పెట్టే తొలి షరతు. 2020లో ప్రచురితమైన ఒక డచ్ ప్రయోగం రుచి మీద పేరు చూపే ప్రభావాన్ని వెల్లడించింది. అందులో 193 మందికి రెండు బర్గర్ ముక్కలు ఇచ్చి ఒకటి మామూలు మాంసమని, మరొకటి కణవర్ధిత మాంసమని చెప్పారు. నిజానికి రెండూ మామూలు మాంసమే. అయినా అందరూ రెండో ముక్కను తినడమే కాక, సగటున దానికే మెరుగైన రుచి ఉందన్నారు. 58 శాతం మంది మామూలు మాంసం కంటే ఎక్కువ ధర చెల్లించడానికి కూడా సిద్ధపడ్డారు. రుచి చూడడానికి తామే ముందుకు వచ్చిన వారితో జరిగిన ప్రయోగం కాబట్టి దీన్ని సాధారణ జనానికి వర్తింపజేయడంలో జాగ్రత్త అవసరమే గాని, భద్రత కలిగిన వాతావరణంలో పదార్థం ఎదుటికి వచ్చినప్పుడు ఏవగింపు తగ్గగలదని ఇది సూచిస్తుంది.

పర్యావరణ ప్రయోజనం: హన్నా టుయోమిస్టో, టెక్సీరా డి మాటోస్ 2011లో వేసిన లెక్క ప్రకారం, ఐరోపాలో సంప్రదాయ పద్ధతిలో ఉత్పత్తి చేసే మాంసంతో పోలిస్తే కణవర్ధిత మాంసం వల్ల హరితగృహ వాయువులు 78 నుంచి 96 శాతం, భూవినియోగం 99 శాతం తగ్గుతాయి. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం డేవిస్ శాఖ పరిశోధకులు 2023లో వెలువరించిన విశ్లేషణ మాత్రం, ఔషధాల స్థాయిలో శుద్ధి చేసిన పోషకాలను వాడే పద్ధతే కొనసాగితే కర్బన ఉద్గారాలు గొడ్డు మాంసం కంటే అనేక రెట్లు ఎక్కువ కాగలవని హెచ్చరించింది. ఈ భేదం తయారీకి వాడే ముడిపదార్థాలను, విద్యుత్తు వనరును బట్టి వచ్చినదే అయినా, పర్యావరణ కారణంతో ఈ మాంసాన్ని సమర్థించేవారి వాదాన్ని అది వివాదాస్పదం చేసింది.

పేరు, పరిచయం చేసే తీరు

ఒకే పదార్థాన్ని వేర్వేరు పేర్లతో వేర్వేరు బృందాలకు పరిచయం చేసి, వారి స్పందనలను పోల్చే ప్రయోగాలు ఈ రంగంలో చాలా జరిగాయి. క్రిస్టఫర్ బ్రయంట్, జూలీ బార్నెట్ 2019లో ప్రచురించిన అధ్యయనంలో ‘ల్యాబ్‌లో పెంచిన మాంసం’ అన్న పేరు విన్నవారి కంటే ‘శుద్ధ మాంసం’ అన్న అర్థం వచ్చే పేరు విన్నవారు ఎక్కువ సానుకూలత చూపారు. ఆ పేరు సంప్రదాయ మాంసాన్ని అశుద్ధమని సూచిస్తున్నదన్న అభ్యంతరం రావడంతో పరిశ్రమ దాన్ని క్రమంగా వదులుకొని, ‘కల్టివేటెడ్ మీట్’ అన్న తటస్థమైన పేరు వైపు మొగ్గింది. బ్రయంట్, కోర్ట్నీ డిల్లార్డ్ జరిపిన మరో ప్రయోగంలో, సమాజానికి కలిగే మేలును గురించి గాని, మామూలు మాంసంతో ఉన్న పోలికను గురించి గాని చదివినవారి కంటే, ఉన్నత సాంకేతిక విజ్ఞాన విజయంగా వర్ణించిన పాఠం చదివినవారిలో అంగీకారం తక్కువగా కనిపించింది. కొత్త యంత్రాలను, మందులను ఆహ్వానించే సమాజం కూడా తిండి విషయంలో సాంకేతికతను అనుమానంతో చూస్తుందన్న వాదానికి ఈ ఫలితం బలం చేకూర్చింది.

పశుపోషకుల సంఘాలు కూడా పేరునే ఆయుధం చేసుకున్నాయి. వధించిన జంతువు నుంచి వచ్చినదాన్నే మాంసమని పిలవాలంటూ అమెరికా పశుపోషకుల సంఘం ఒకటి 2018లో కేంద్ర వ్యవసాయ శాఖకు విజ్ఞాపన సమర్పించగా, అదే ఏడాది మిస్సోరి రాష్ట్రం ఆ ధోరణిలో తొలి చట్టం చేసింది.

సామాజిక వర్గాల మధ్య భేదాలు

స్త్రీల కంటే పురుషులు, పెద్దవారి కంటే యువకులు, గ్రామీణుల కంటే నగరవాసులు, తక్కువ చదువుకున్నవారి కంటే ఉన్నత విద్యావంతులు ఎక్కువ సుముఖత చూపుతారన్నది పాశ్చాత్య సర్వేలలో తరచుగా కనిపించే ఫలితం. అమెరికాలో ఉదారవాద రాజకీయ భావాలు కలవారు సంప్రదాయవాదుల కంటే ఎక్కువగా అంగీకరిస్తారు. శాకాహారుల విషయంలో కనిపించే వైరుధ్యం ప్రత్యేకించి గమనించదగినది. కణవర్ధిత మాంసం వల్ల జంతువులకు మేలు కలుగుతుందని మాంసాహారుల కంటే వారే ఎక్కువగా ఒప్పుకుంటారు గాని, తాము తినడానికి మాత్రం వారే ఎక్కువగా నిరాకరిస్తారు. ఏళ్ల తరబడి మాంసానికి దూరంగా ఉన్నవారికి ఆ రుచి మీద కోరిక పోవడమే కాక, మాంసమన్న భావనే రోత కలిగించడం దీనికి కారణం. కాబట్టి ఈ పదార్థం అసలు లక్ష్యం మాంసాన్ని ఇష్టపడుతూనే దాని ఉత్పత్తి పద్ధతి మీద అసంతృప్తి ఉన్న మాంసాహారులేనని పరిశోధకులు సాధారణంగా భావిస్తారు.

మత దృక్పథాలు

ఆహార నియమాలు గల మతాలలో ఈ పదార్థాన్ని గురించిన చర్చ, అది మాంసమా కాదా అన్న ప్రశ్నతోనే ఆరంభమవుతుంది. యూదు ధర్మశాస్త్రంలో మాంసాన్ని పాల పదార్థాలతో కలిపి తినరాదన్న నియమం ఉన్నందువల్ల ఆ ప్రశ్నకు ఆచరణలో ప్రాముఖ్యం ఉంది. ఇజ్రాయెల్ ప్రధాన రబ్బీ డేవిడ్ లావ్ 2023లో ఒక సంస్థ తయారుచేసిన కణవర్ధిత మాంసాన్ని పరిశీలించి, కొన్ని షరతులకు లోబడి అది మాంసం కిందికి గాని పాల పదార్థాల కిందికి గాని రాదని తీర్పు చెప్పగా, అదే ఏడాది అమెరికాలోని ఆర్థడాక్స్ యూనియన్ మరొక సంస్థ తయారుచేసిన కోడి మాంసాన్ని మాంసంగానే పరిగణించింది. కణాలను ఎక్కడి నుంచి, ఏ దశలో సేకరించారన్నది ఇటువంటి భేదాలకు మూలం.

ఇస్లాంలో హలాల్ నియమం జంతువు జాతికి, వధ విధానానికి సంబంధించినది. సింగపూర్ ఇస్లామీయ మండలి 2024 ఫిబ్రవరిలో ఇచ్చిన ఫత్వాలో, తినదగిన జంతువుల నుంచి కణాలను సేకరించి, తయారీలో నిషిద్ధ పదార్థాలేవీ మిగలకుండా చూసినట్లయితే ఈ మాంసం అనుమతించదగినదేనని పేర్కొంది. హిందూ సమాజంలో అందరికీ వర్తించే తీర్పు చెప్పగల ఏకైక ధర్మాధికార పీఠం లేనందున, నిర్ణయం సంప్రదాయానికి, కులాచారానికి, కుటుంబానికి, చివరకు వ్యక్తికే మిగులుతుంది. హింస లేదన్న కారణంతో కొందరు దీన్ని ‘అహింసా మాంసం’ అని ఆహ్వానించగా, ఆవు కణాల నుంచి పెరిగినది గోమాంసమే అవుతుందా అన్న ప్రశ్నకు అందరూ ఒప్పుకొనే సమాధానం లేదు.

రాజకీయ వివాదం, నిషేధాలు

2023 తరువాత ఈ విషయం వ్యక్తిగత అభిరుచి పరిధి దాటి రాజకీయ గుర్తింపుల పోరాటంలోకి ప్రవేశించింది. ఇటలీలో వ్యవసాయదారుల సంఘం కోల్డిరెట్టి లక్షల సంతకాలు సేకరించి ఉద్యమించగా, 2023 నవంబరులో ఆ దేశ పార్లమెంటు కణవర్ధిత మాంసం తయారీని, అమ్మకాన్ని నిషేధించి, ఉల్లంఘించినవారికి 60,000 యూరోల వరకు జరిమానా నిర్ణయించింది. దేశ ఆహార సంస్కృతిని, పశుపోషకుల జీవనాన్ని కాపాడడమే లక్ష్యమని వ్యవసాయ మంత్రి ఫ్రాంచెస్కో లొల్లోబ్రిజీడా వాదించాడు. అమెరికాలో ఫ్లోరిడా గవర్నర్ రాన్ డిసాంటిస్ 2024 మేలో నిషేధ చట్టంపై సంతకం చేస్తూ, ఇది ప్రపంచ సంపన్న వర్గాలు సామాన్యుల మీద రుద్దదలచిన తిండి అన్న ధోరణిలో విమర్శించాడు. అలబామా అదే నెలలో, మిసిసిపి, మోంటానా, నెబ్రాస్కా 2025లో అదే బాట పట్టగా, టెక్సస్, ఇండియానా రాష్ట్రాలు తాత్కాలిక నిషేధం విధించాయి. ఫ్లోరిడా చట్టాన్ని అప్‌సైడ్ ఫుడ్స్ న్యాయస్థానంలో సవాలు చేసింది.

ఈ నిషేధాలు వెలువడినప్పుడు ఆయా ప్రాంతాలలో ఈ మాంసం అమ్మకం దాదాపు శూన్యం. వాటి వెనుక ఉన్నది వినియోగదారుల ఫిర్యాదుల కంటే పశుపోషక వర్గాల ఆర్థిక ఆందోళన, జాతీయ వంటకాల మీద అభిమానం, పెద్ద కంపెనీల మీద అపనమ్మకం. దీనికి భిన్నంగా, ఆహార అవసరాలలో 90 శాతానికి పైగా దిగుమతుల మీద ఆధారపడే సింగపూర్‌లో పశుపోషణ రంగం నామమాత్రం కావడం వల్ల, ప్రభుత్వం దీన్ని ఆహార భద్రతకు సంబంధించిన అంశంగా ప్రజల ముందుంచగలిగింది. ఒక సమాజంలో ఈ మాంసం వల్ల నష్టపోయే వర్గం ఎంత బలమైనదన్నది కూడా అక్కడి అభిప్రాయాన్ని తీర్చిదిద్దే కారణమేనని ఈ రెండు ఉదాహరణలు తెలుపుతున్నాయి.

భారతదేశం, తెలుగు ప్రాంతాలు

బ్రయంట్ బృందం అమెరికా, చైనా, భారతదేశాలలో మూడు వేల మందికి పైగా వినియోగదారులను ప్రశ్నించి 2019లో ప్రచురించిన సర్వేలో, ఈ మాంసాన్ని కొనే అవకాశం చాలా ఎక్కువన్నవారు అమెరికాలో పదింట ముగ్గురు కాగా, భారతదేశంలో సుమారు సగం, చైనాలో పదింట ఆరుగురి వరకు ఉన్నారు. భారతీయులలో కొత్త ఆహార భీతి ఎక్కువగానూ, మాంసం మీద మక్కువ తక్కువగానూ కనిపించినా సుముఖత అమెరికా కంటే ఎక్కువగా ఉండడం ఆ సర్వేలోని విశేషం. అయితే భారత్, చైనాలలో సమాధానాలిచ్చినవారు అధికంగా నగరవాసులు, విద్యావంతులు, ఆదాయం గలవారు కావడం వల్ల ఆ సంఖ్యలను దేశమంతటికీ అన్వయించలేమని పరిశోధకులే స్పష్టం చేశారు.

తెలుగు నేలకు ఈ రంగంతో ఉన్న అనుబంధం ఉమా వాలేటితోనే ముగియదు. హైదరాబాద్‌లోని కణ, అణు జీవశాస్త్ర కేంద్రానికి, నగర శివారు చెంగిచెర్లలో ఉన్న జాతీయ మాంస పరిశోధన కేంద్రానికి కలిపి కేంద్ర ప్రభుత్వ జీవసాంకేతిక శాఖ 2019లో సుమారు 4.5 కోట్ల రూపాయలు మంజూరు చేసింది. కణవర్ధిత మాంస పరిశోధనకు దేశంలో ప్రభుత్వ నిధులు లభించిన తొలి సందర్భాలలో ఇదొకటి. కొచ్చిలోని కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ 2024లో ఒక ప్రైవేటు సంస్థతో కలిసి కణవర్ధిత చేప మాంసం తయారీకి ఒప్పందం చేసుకుంది. అదే ఏడాది కేంద్ర మంత్రివర్గం ఆమోదించిన బయో ఇ3 అనే జీవసాంకేతిక విధానం ప్రత్యామ్నాయ ప్రోటీన్లను ప్రాధాన్య రంగాలలో చేర్చింది.

తెలుగు రాష్ట్రాలలో ఈ మాంసానికి లభించగల ఆదరణను అంచనా వేయడానికి దేశ సగటు సరిపోదు. 2014 నాటి నమూనా నమోదు వ్యవస్థ సర్వే ప్రకారం 15 ఏళ్లు దాటినవారిలో మాంసాహారులు తెలంగాణలోనూ, ఆంధ్రప్రదేశ్‌లోనూ 98 శాతానికి పైగా ఉండగా, దేశవ్యాప్తంగా ప్యూ కేంద్రం 2021లో ప్రచురించిన సర్వేలో 39 శాతం పెద్దలు తాము శాకాహారులమని చెప్పుకున్నారు. అంతేకాక ఇక్కడ మాంసాన్ని వదలడం జీవకారుణ్యం కంటే శుచికి, వ్రతానికి, రోజుకు సంబంధించిన విషయంగా ఉంటుంది. కార్తీక మాసంలోనో శనివారమో నీచు ముట్టనివారు మిగతా రోజులలో నిస్సంకోచంగా తింటారు. వధ జరగలేదన్న కారణంతో ఆ రోజులలో కణవర్ధిత మాంసం తినదగినదవుతుందని చెప్పలేము. ఎందుకంటే వారి నియమానికి ఆధారం ప్రాణహింస ఒక్కటే కాదు. శాకాహార కుటుంబాలలో సైతం హింస లేదన్న ఒక్క మాటతో అభ్యంతరాలన్నీ తొలగిపోవు.

సహజత్వ భావన తెలుగు వినియోగదారులకు కొత్తది కాదు. నాటుకోడి మాంసం ఫారం కోడి కంటే రుచిలోనూ, బలంలోనూ మేలైనదన్న నమ్మకంతో దానికి ఎక్కువ ధర చెల్లించడం ఊళ్లలోనూ నగరాలలోనూ కనిపించే ఆచారం. ఐనా రోజువారీ వంటలో అధిక భాగాన్ని ఆక్రమించినది, తక్కువ ధరకు అన్నిచోట్లా దొరికే ఫారం కోడే. సహజత్వం మీద ఉన్న గౌరవం, ధర ముందు రాజీపడే అలవాటు ఒకే ఇంట్లో పక్కపక్కనే ఉండగలవని దీన్నిబట్టి గ్రహించవచ్చు. మరోవైపు, జన్యుమార్పిడి పంట అయిన బీటీ వంకాయ విషయంలో 2010 జనవరి, ఫిబ్రవరి నెలలలో హైదరాబాద్‌తో సహా ఏడు నగరాలలో కేంద్ర పర్యావరణ శాఖ జరిపిన బహిరంగ విచారణల తరువాత ప్రభుత్వం ఆ పంట విడుదలను నిలిపివేయడం, కొత్త ఆహార సాంకేతికతలకు శాస్త్రీయ అనుమతి లభించినా ప్రజామోదం లభించకపోవచ్చునని చాటిన సంఘటన.

పరిశోధన పరిమితులు

ఈ రంగంలోని అధ్యయనాలకు మూడు పరిమితులను విమర్శకులు ఎత్తిచూపుతారు. మొదటిది, సమాధానమిచ్చేవారు పదార్థాన్ని చూడకుండా, ధర తెలియకుండా, పరిశోధకుడు రాసిన నాలుగు వాక్యాల వర్ణనను బట్టి అభిప్రాయం చెప్పడం. రెండవది, సర్వేలలో అధిక భాగం ఐరోపా, ఉత్తర అమెరికా దేశాలలో, అదీ ఇంటర్నెట్ వాడేవారితో జరగడం. మూడవది, సామాజికంగా మంచివాటిగా తోచే సమాధానాలు ఇవ్వాలన్న ఒత్తిడి వల్ల, చెప్పినదానికి, చేసేదానికి మధ్య తేడా రావడం. వీటికి తోడు, కొన్ని అధ్యయనాలకు పరిశ్రమను ప్రోత్సహించే సంస్థలు నిధులు ఇవ్వడం లేదా వాటిలో పాలుపంచుకోవడం ఫలితాల వ్యాఖ్యానంలో జాగ్రత్తను కోరుతుంది.

2021లో 130 కోట్ల డాలర్లకు పైగా పెట్టుబడులను ఆకర్షించిన ఈ రంగానికి తరువాతి సంవత్సరాలలో నిధులు తగ్గిపోగా, ధరను సంప్రదాయ మాంసం స్థాయికి దించడం ఇంకా సాధ్యం కాలేదు. ప్రజల వైఖరిని గురించిన పరిశోధన కూడా ఈ కారణంగానే అభిప్రాయాల దశలో నిలిచిపోయింది. ఒకే వ్యక్తి మళ్లీ మళ్లీ కొంటున్నాడా, ఇంట్లో వండుతున్నాడా, పిల్లలకు పెడుతున్నాడా, అతిథికి వడ్డిస్తున్నాడా అన్న ప్రశ్నలకు జవాబు దొరకాలంటే, పదార్థం ముందుగా మామూలు దుకాణంలో మామూలు ధరకు లభించాలి. అప్పటివరకు అంగీకార శాతాలను భవిష్యత్తు గిరాకీకి సూచికలుగా కాక, తిండి విషయంలో ప్రతి సమాజం దేన్ని సహజమనుకుంటున్నదో, ఎవరిని నమ్ముతున్నదో తెలిపే కొలమానాలుగా చదువుకోవడం సమంజసం.